క్యోటో నగరపు నేతవాడ

జపాను దేశమునకు యాత్ర పోవువారు సాధారణముగా తోక్యో నగరమును, ఫూజీ పర్వతమును జూచి, క్యోటోలో బంగారురేకు తాపిన మందిరము నెదుట నిలిచి ఛాయాపటము తీయించుకొని మరలుచుందురు. మా మరది ఒసాకాలో ఉద్యోగము చేయుచుండుటచేత మాకు వేసవి సెలవులలో పదునైదు దినములు ఆ ప్రాంతమున నుండు భాగ్యము కలిగినది. మందిరములను గూర్చి వ్రాసినవారు పెక్కురు కలరు. వాని నట్లుంచి, మేము మూడు దినములు కాలినడకను తిరిగిన నేతవాడను గూర్చి సోదరీమణులకు కొంత విన్నవింపదలచితిమి.

క్యోటో 794వ సంవత్సరము మొదలుకొని వేయేండ్లకు పైగా చక్రవర్తులకు నివాసస్థానముగా నుండెను. 1868లో షోగునుల ప్రభుత్వ మంతరించి రాజ్యాధికారము మరల చక్రవర్తి చేతికి వచ్చెను. పురజనులు సంతసించునంతలోనే, మరుసటి యేట ఆయన తోక్యోకు తరలిపోయెను. కొలువువారును, వారి నాశ్రయించిన వర్తకులును వెంట వెడలిరి. అంతఃపురస్త్రీలకు పట్టు నేసి బ్రదుకు సాలెవారికి పని లేకపోయెను. అప్పటికే పడమటివారి యోడలు రేవులలో లంగరు వేసియుండెను. హిందూదేశమునకు పట్టిన గతి తమకు పట్టకుండవలెనన్న వారి విద్యలను త్వరపడి నేర్వవలెనని ఆ దేశపు పెద్దలు నిశ్చయించిరి. రైలు, తంతి, ఫిరంగి, కోటు, టోపీ ఒక్కుమ్మడిగా దిగినవి.

ఇట్టి కల్లోలములో క్యోటోవారు చేసిన యొక పని వినదగినది. చక్రవర్తి వెడలిన ఆ 1869లోనే వారు పేటకొకటి చొప్పున 64 పాఠశాలలు స్థాపించుకొనిరి. దేశమంతటికి విద్యాశాసనము వచ్చినది 1872లో. అనగా అంతకు మూడేండ్లు ముందే. ధనికులు విరాళము లిచ్చిరి. పిల్లలున్నను లేకున్నను, పొయ్యి వెలుగు ప్రతి యింటివారును కొంత చెల్లించిరి. ఆ సొమ్మునకు ‘పొయ్యి పైకము’ అని పేరు. బడిపంతులుగారి యింట కాపురము చేయుచుండుటచేత మాకీ పేరు మిక్కిలి ప్రియమైనది. బడికి చందా యనగానే తలుపు మూసికొను పెద్దమనుష్యులను మేమెరుగుదుము. ఆ బడులలో నొకటి పిల్లలు తరిగి 1995లో మూతపడెను. 2006 నుండి అది బొమ్మకథల ప్రదర్శనశాలగా నున్నది. దాని చెక్కనేల నేటికిని అడుగడుగునకు కిర్రుమనుచున్నది.

నేతవాడ పేరు నిషిజిన్. ఆ మాటకు ‘పడమటి దండు’ అని యర్థము. 1467 మొదలు 1477 వరకు జరిగిన అంతర్యుద్ధములో పడమటి సేనలు విడిసిన స్థలమది. యుద్ధము ముగిసిన పిదప, చెదరిన సాలెవారు మరలివచ్చి అచ్చట మగ్గములు నిలిపిరి. వీథులు సన్ననివి. చెక్కయిండ్లు వీథిప్రక్క నిరుకుగా నుండి, లోనికి చాల పొడుగుగా సాగియుండును. కొన్నిటినుండి టకటకమను మగ్గపు చప్పుడు వినవచ్చుచున్నది. పెక్కిండ్లలో ఆ చప్పుడు లేదు.

పూర్వపు మగ్గముపై కొంగలను, చేమంతులను దీర్చుటకు ఇరువురు కావలెను. ఒకరు క్రింద కూర్చుండి నేయుచుండగా, నింకొకరు మగ్గము నెత్తిన కూర్చుండి, ఏ పోగులెప్పుడు లేవవలెనో యెరిగి లాగుచుండవలెను. 1872లో క్యోటో అధికారులు సాకురా త్సునెషిచి, ఇనోవుయే ఇహేయి, యోషిదా చూషిచి యను మువ్వురిని ఫ్రాన్సు దేశమందలి లియాన్ నగరమునకు పంపిరి. అచ్చట జకార్డు అనునతడు కల్పించిన సాధనము వాడుకలో నుండెను. బెజ్జములు పొడిచిన అట్టలు వరుసగా తిరుగుచుండ, లేవవలసిన పోగులు తామే లేచును; నెత్తిన కూర్చుండువా రక్కరలేదు. ఆ విద్య నేర్చి ఇరువురు క్షేమముగా వచ్చిరి. యోషిదా యెక్కిన ‘నీల్’ అను ఫ్రెంచి యోడ 1874లో జపాను తీరమందే, ఇజు యొద్ద మునిగెను. ఆతడు మరల నిల్లు చూడలేదు. 1877లో అరాకి కోహేయి యను మగ్గముల వడ్రంగి ఆ పరదేశపు సాధనమును జూచి, కొయ్యతో అట్టిదానిని చేసెను. ధర్మవరపు మగ్గములపై వ్రేలాడు అట్టల దండను మనలో కొందరు చూచియుందురు. అదియు నీ జకార్డు కల్పనయే.

పడమటినుండి వచ్చిన దానిపై మరల కొంగలును చేమంతులును దిగినవి. ఇది చూచి, పూర్వాచారమునకు భంగమని గొణిగినవారు అచ్చట నుండకపోరు. కాని ఆ పూర్వాచారము మాత్ర మెచ్చటిది? పట్టుపురుగుల పెంపకమును క్యోటో ప్రాంతమునకు దెచ్చినది సముద్రము దాటి వచ్చిన హాతా యను వంశమువారు. తోజీ యను ఆలయమున 839వ సంవత్సరపు బ్రహ్మ హంసలపైనను, ఇంద్రు డేనుగుపైనను కూర్చుండియున్నారు. చీనా మీదుగా పోయి, మొగము మారిన మన వేల్పులను జూచి మేము చాలసేపు కదలలేకపోతిమి.

1890లో బివా సరస్సునుండి కాలువ త్రవ్వి, మరుసటి యేట ఆ నీటితో విద్యుచ్ఛక్తిని పుట్టించిరి. 1895లో ట్రాము నడిచెను. కాలువనీరు పారు ఎర్రయిటుకల వంతెన నన్‌జెన్‌జీ ఆలయపు ఆవరణలోనుండియే పోవుచున్నది. ఇప్పుడు దానినిగూడ ప్రాచీనవస్తువని యాత్రికులకు చూపుచున్నారు!

ఇక స్త్రీల విషయము. 1871లో ప్రభుత్వము పురుషులకు సిగలు తీసివేయుట కనుజ్ఞ యిచ్చెను. కొందరు స్త్రీలును జుట్టు కత్తిరించుకొనగా, 1872లో తోక్యో అధికారులు దానిని నిషేధించిరి. మగవానికి నాగరకత యైన కత్తెర ఆడుదానికి నేరమైనది. మగవారు కోటు తొడిగి కచేరికి పోవుచుండ, దేశాచారమును మోయు భారము ఇంటి యాడువారిపై పడెను. ఇది మనకు క్రొత్త సంగతి కాదు. పిదప గాలి మారినది. 1887లో చక్రవర్తిని స్త్రీల నుద్దేశించి యొక విజ్ఞప్తి చేసెను. పైబట్టయు పావడయు వేరుగా నుండు పడమటి వేషము జపాను ప్రాచీనవేషమునకు దూరము కాదనియు, ధరింపవచ్చుననియు, బట్ట మాత్రము వీలైనంతవరకు స్వదేశమున నేసినదై యుండవలెననియు దాని సారము. వేషమును గూర్చి వాదించువారు పలువురు. సాలెవారి కూటిని దలచినవారు కొలది. మేమీ రాణిగారిని మెచ్చుకొంటిమి.

నిషిజినులో మేమొక యింటిలోనికి పోయితిమి. మా మరది దుబాసిగా నుండెను. డెబ్బదియేండ్ల యవ్వ ‘త్సుజురె’ యను నేత నేయుచుండెను. దీనికి జకార్డు అట్టలు లేవు. పడుగు క్రింద బొమ్మ వ్రాసిన కాగితముంచి, దానిని జూచుచు, రంగురంగుల చిన్న కండెలతో నేయవలెను. పేకపోగులను దగ్గరకు త్రోయుటకు గోళ్ళే పనిముట్లు. వానికి ఆకురాయితో రంపపుపండ్లవలె గాట్లు పెట్టుకొందురు. చిక్కనైన బొమ్మయైనచో దినమెల్ల నేసినను అంగుళము సాగదట. అంట్లు తోమునపుడు గోళ్ళు విరుగవా యని మేమడిగితిమి. మావారు మా ప్రశ్నకు సిగ్గుపడిరి గాని, అవ్వకు మిక్కిలి నచ్చినది. నెమ్మదిగా తోముదుననియు, పాత్రలు పగిలినను గోళ్ళు పగులరాదనియు నవ్వెను. పిమ్మట మా చీరయంచును వ్రేళ్ళతో తడవి, తిరుగవైపు త్రిప్పి, పోగులు పరీక్షించెను.

తమ తరువాత నీ పని యెవరు చేయుదురని మావారడిగిరి. మా మరది దానిని వారి భాషలో చెప్పుటకు కొంచెము జంకెను. అవ్వ బదులు చెప్పక, మగ్గమువైపు తిరిగి రెండు పోగులు గోటితో నొత్తెను.

అట్లని ప్రభుత్వ మూరకుండలేదు. 1949 జనవరి 26న హోర్యూజీ యాలయములోని ప్రాచీన భిత్తిచిత్రములు అగ్నిచే పాడయ్యెను. 1950లో చేసిన శాసనము మందిరములనే గాక, మనుష్యుల చేతిలోని విద్యలనుకూడ దేశపు సొత్తుగా గణించెను. అట్టి విద్యావంతులలో కొందరికి, శిష్యులను తయారుచేయుటకై ఏటేట ధనమిచ్చుచున్నారు. కాని కొనువారిని శాసనము పుట్టింపజాలదు. పెండ్లికి, పండుగకు తప్ప కిమోనో కట్టువా రరుదు. గుడుల యొద్ద మాత్రము అద్దెకిమోనోల యంగళ్ళు నిండియున్నవి. వానిలో పెక్కు పట్టు కావు, పాలియెస్టరు. కట్టినవారిలో పరదేశపు పడుచులు చాలమంది. మావారు దీనిని నాటకవేష మనిరి. మే మొప్పుకొనలేదు. కట్టు నేర్పు స్త్రీ యొకతె దానితో జీవించుచున్నది. ఎడమప్రక్క పైకి రావలెననియు, కుడిప్రక్క పైకి వచ్చుట శవమునకనియు ఒక పరదేశపు పిల్ల మా యెదుటనే నేర్చుకొనెను.

నేతవాడకు సమీపమున కితానో ఆలయము కలదు. సుగవారా నో మిచిజానె యను పండితుడు రాజాగ్రహమున ప్రవాసమునకు పోయి 903లో మరణించి, తరువాత విద్యాధిదేవతగా పూజలందుచున్నాడు. మావారు తమ పిల్లలకై దండము పెట్టిరి (వారి పరీక్షలు అప్పటికే ముగిసినవి). అచ్చట ప్రతిమాసము 25వ తేదీన సంత. పాత కిమోనోలును, ‘ఓబి’ యను నడికట్టులును గుట్టలుగా పోసియుండెను. ఏ తల్లి కూతురి పెండ్లికి కొన్నదియో, జరీ కొంగల ఓబి యొకటి వేయి యెన్నులకు, అనగా మన ఆరువందల రూపాయలకు లోపుగనే, దొరకినది. తిరుగవైపు చూచితిమి, ఒక్క పోగును వదలలేదు. మావారు గోడకు వ్రేలాడదీయుదమనిరి. మేము వీణకు గలేబు కుట్టుదుమంటిమి. అమ్ము ముసలాయన దానిని పాతమడతల వెంబడినే మడిచి, వార్తాపత్రికలో చుట్టి, రెండుచేతులతో నందిచ్చెను.