జెద్దాలో సమాధుల పండుగ

2024 నవంబర్ 2, శనివారం. ఆ రోజు మన కోనసీమలో సమాధుల పండుగ. పొద్దున్నే సున్నం బకెట్లు, బంతిపూల దండలు, చీకటి పడేసరికి వరసగా కొవ్వొత్తులు. నేను జెద్దాలో, పాత ఊరు బలద్‌కి దగ్గరలో, ఒక ఎత్తయిన గోడ ముందు నిలబడి ఉన్నాను. లోపల ముస్లిమేతరుల శ్మశానం. ఊళ్లోవాళ్లు దీన్ని ఖవాజాల మక్బరా అంటారు. ఖవాజా అంటే అక్కడి వాడుకలో పరాయి దేశస్థుడు.

రియాద్ నుంచి రాత్రి విమానంలో వచ్చాను. వదిన ఫోన్‌లో అడిగింది ఒక్కటే. "ఈసారైనా మీ అన్నయ్య దగ్గర ఒక్క కొవ్వొత్తి వెలిగించండి మరిదిగారూ."

తెలిసినవాళ్లు ముందే మాట్లాడి ఉంచడంతో కావలి మనిషి గేటు తీశాడు. అడుగు పెట్టగానే చెట్ల నీడ. 1884లో ఎడారి దారిలో హత్యకు గురైన ఫ్రెంచి యాత్రికుడు షార్ల్ యూబెర్‌ని ఇక్కడే పాతిపెట్టారు. పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉన్న తైమా శిలాశాసనం ఆయన సంపాదించినదే. నా కాళ్లు మాత్రం వేరేచోట ఆగిపోయాయి. మూరెడు, రెండు మూరల పొడుగున్న చిన్న చిన్న సమాధులు. అన్నీ పసిపిల్లలవి. అమ్మానాన్నలు పనికి వచ్చిన దేశంలో పుట్టి, సొంతూరి ముఖం చూడకుండానే ఇక్కడ ఉండిపోయిన బిడ్డలు. పిల్లలంటే ప్రాణం పెట్టే అన్నయ్యకి వీళ్ల పక్కనే చోటు దొరికింది.

అన్నయ్య ఏసీ మెకానిక్. రాజోలు వైపు పల్లె. ఎవరు పిలిచినా "ఆయ్" అని పలికేవాడు. వినీ వినీ ఆ మాట వాళ్ల ఈజిప్టు సూపర్‌వైజరుకి కూడా అలవాటైపోయింది. ఎండలో మిద్దెల మీద పనిచేసి వచ్చినా, ఆ మనిషి ఇంట్లో అడుగుపెడితే నవ్వులు మొదలయ్యేవి.

సౌదీలో చర్చిలు లేవు. ఆదివారం పనిరోజు. అందుకని మా ఆదివారం శుక్రవారం వచ్చేది. ఎవరింట్లోనో తలుపులేసుకుని, గొంతులు తగ్గించి పాడుకునేవాళ్లం. అన్నయ్యకి గొంతు తగ్గించడం చేతనయ్యేది కాదు. మధ్యలో వదిన మోచేత్తో పొడిస్తే రెండు చరణాలు మెల్లగా పాడి, మూడో చరణానికి మళ్లీ ఎత్తుకునేవాడు. 2013లో వారాంతపు సెలవు గురు, శుక్రవారాల నుంచి శుక్ర, శనివారాలకు మారింది. మర్నాడు డ్యూటీ లేకపోవడంతో ప్రార్థన అయ్యాక భోజనాలు, పాటల అంత్యాక్షరి తెల్లవార్లూ సాగేవి.

డిసెంబర్ వస్తే సెమీ క్రిస్మస్ వాళ్లింట్లోనే. స్టారు బయట కట్టే వీలు లేదు, కర్టెన్లు దించి హాల్లో ఫ్యానుకి వేలాడదీసేవాడు. తనే క్రిస్మస్ తాత. ఎర్ర దుప్పటిని వదిన అంగీలా కుట్టి ఇచ్చింది. గడ్డానికి దూది కాదు, ఏసీ ఫిల్టరులో వేసే తెల్లటి పీచు! సంచీ బదులు పనిముట్ల బ్యాగు. తలుపు కొట్టి, "ఆయ్, ఏసీ పాడైందంటండీ, చూద్దామని వచ్చాను" అనేవాడు. పిల్లలంతా కలిసి "పాడైంది, పాడైంది" అని అరిస్తే, ఏసీ మూత తీసి అందులోంచి చాక్లెట్లు లాగేవాడు. ముందురోజు రాత్రి దాచి ఉంచేవాడు పాపం. ఆ పీచుకి గడ్డమంతా దద్దుర్లెక్కి రెండు రోజులు గోక్కునేవాడు, అయినా మరుసటేడు మళ్లీ అదే గడ్డం.

2017 జూలైలో కుటుంబసభ్యుల మీద రుసుము వచ్చింది. మొదట తలకి నెలకు 100 రియాళ్లు. ఏటా వంద పెరుగుతూ పోయింది. 2019 జూలై నాటికి వదినకీ ఇద్దరు పిల్లలకీ కలిపి నెలకు 900. మెకానిక్ జీతంలో అది మోయలేని బరువు. ముగ్గుర్నీ ఊరికి పంపేశాడు. అక్కడితో కాపురం ఆగలేదు. ఇక్కడ ఏడయితే అక్కడ తొమ్మిదిన్నర. పిల్లలు పడుకోకముందే కలిసి తినాలని సరిగ్గా ఏడింటికి కంచం ముందు కూర్చునేవాడు. ఫోను గ్లాసుకి ఆనించి, "బుజ్జీ, ఆ ముద్ద నాకు పెట్టవే" అని నోరు తెరిచేవాడు. కూతురు తెరకి ముద్ద ఆనించేది.

2020 జూన్‌లో కరోనా సోకి పోయాడు. మామూలు రోజుల్లో అయితే ఆసుపత్రి కాగితం, పోలీసు కాగితం, కాన్సులేట్ అనుమతి, ఇవన్నీ తిరిగి ఎన్నాళ్లకో పెట్టె ఊరికి చేరేది. ఆ నెలలో అదీ కుదరలేదు. మార్చి 22 నుంచి మన దేశానికి మామూలు విమానాలే లేవు. వదిన చేతిరాతతో ఒక కాగితం వాట్సాప్‌లో వచ్చింది. "నా భర్తను అక్కడే భూస్థాపన చేయడానికి నాకు అభ్యంతరం లేదు." సంతకం దగ్గర సిరా చెదిరింది. నేను రియాద్‌లో ఉండిపోయాను. గుంట దగ్గర నలుగురే ఉన్నారు. ఊళ్లోని పాస్టరుగారు ఫోన్‌లోనే ప్రార్థన చేశారు.

అదే ఏడాది నవంబర్ 11న, మొదటి ప్రపంచయుద్ధ మృతుల స్మారక కార్యక్రమానికి ఫ్రాన్స్ తదితర దేశాల దౌత్యవేత్తలు ఇక్కడికి వచ్చినప్పుడు బాంబు పేలింది. కొందరు గాయపడ్డారు. టీవీలో ఆ గోడ చూసి కొడుకు అడిగిన మాట వదిన నాకు చెప్పి ఏడ్చింది. "నాన్నకేం కాలేదు కదమ్మా?"

ఏమీ కాలేదు. నేను కళ్లారా చూశాను. చిన్న సిమెంటు గట్టు, దాని మీద ఎండుటాకులు. చేత్తో తుడిచాను. కొవ్వొత్తి వెలిగించి వీడియో కాల్ చేశాను. ఊళ్లో అప్పటికే చీకటి పడింది, వెనక వేరేవాళ్ల పాటలు వినిపిస్తున్నాయి. కూతురికి అప్పటికి పదిహేనేళ్లు. కాసేపు చూసి, "బాబాయ్, నాన్న ఏసీ మెకానిక్ కదా, ఆ చెట్టు నీడ ఆయన మీద పడుతోందా?" అంది. పడుతోందని చూపించాను.

సమాధి గుర్తులు వదిన బైబిలు మొదటి పేజీలో, పెళ్లి తేదీ, పిల్లలు పుట్టిన తేదీల కింద రాసిపెట్టుకుంది. అయినవాళ్లు సౌదీ మట్టిలో ఉన్న ప్రతి ఇంట్లోనూ అలా రాసి ఉంచండి, రేపు పిల్లలు వెతుక్కోకూడదు. జెద్దాలో ఉన్న తెలుగువాళ్లు వచ్చే నవంబర్ 2న అనుమతి తీసుకుని ఒకసారి వెళ్లి రండి. వెళ్లేటప్పుడు నాలుగు కొవ్వొత్తులు ఎక్కువ పట్టుకెళ్లండి. ఆ పసిపిల్లల అమ్మానాన్నల్లో చాలామంది ఇప్పుడు ఆ దేశంలో లేరు.