పుస్తకాల అంగడి ఎవరిది?

కాగితం లేకుండానే పుస్తకం వెలువడుతున్న ఈ రోజుల్లో రచయితకు విముక్తి లభించిందని మా విద్యార్థులు వాదిస్తుంటారు. కొంత నిజమే. వెయ్యి ప్రతులు అచ్చువేయించి, అమ్ముడుపోని కట్టలను మంచం కింద దాచుకునే దుస్థితి కవికి తప్పింది. కావలసినన్ని ప్రతులే వేయించుకోవచ్చు.

అయితే అంగడి ఎవరిది? 2016 డిసెంబరులో అమెజాన్ తన కిండిల్‌లో హిందీ, తమిళ, మరాఠీ, గుజరాతీ, మలయాళ పుస్తకాలకు చోటిచ్చింది. కోట్లమంది మాట్లాడే తెలుగుకు ఇవ్వలేదు. ఆ నిర్ణయం మన రచయితలది కాదు, పాఠకులదీ కాదు. 2009లో అదే సంస్థ, ప్రచురించినవారికి హక్కు లేదంటూ, ఆర్వెల్ ‘1984’ నవలను కొన్నవారి పరికరాలలోనుంచే చెరిపివేసింది. డబ్బు తిరిగి ఇచ్చింది. పుస్తకం మాత్రం పోయింది.

యంత్రం మనకు శత్రువు కాదు, గుత్తాధిపత్యమే శత్రువు. రచయితలూ పాఠకులూ కలిసి సహకార పద్ధతిలో సొంత అంగళ్లు నిర్మించుకున్ననాడే ఆ విముక్తిని నేను నమ్ముతాను.