కుక్క గోళ్లు తీయాలంటే ముందు దాని భయం తీయాలి

శ్రీహరికోట ఇసుక దీవి. ఒకవైపు బంగాళాఖాతం, మరొకవైపు పులికాట్ సరస్సు. చిత్తూరు వైపు రాతినేల మీద తిరిగే కుక్కకు గోళ్లు నడకలోనే అరుగుతాయి. మెత్తని ఇసుకలో కాసేపు తిరిగి, తక్కిన సమయమంతా గచ్చు మీద పడుకొనే పెంపుడు కుక్కకు ఆ అరుగుదల ఉండదు. అది నడుస్తున్నప్పుడు నేల మీద టకటక చప్పుడు వినిపిస్తే గోళ్లు పెరిగాయని మీరు గ్రహించాలి.

మనుషులకు వైద్యం చేసినవాడికి కుక్క గోళ్లతో ఏమి పని అని మీరు అడగవచ్చు. నాకు తెలిసిన ఒక పెద్దావిడ గుండెజబ్బుకు రక్తం పలుచబడే మందు వాడేవారు. ఇంటి కుక్క సంతోషంతో మీదికి ఎగిరినప్పుడు ఆమె ముంజేతి చర్మం కాగితంలా చిరిగింది. రక్తం చాలాసేపు ఆగలేదు. కుక్కను ఎక్కడైనా వదిలేయాలని ఇంటివారు నిర్ణయించుకున్నారు. ఆ కుక్క చేసిన నేరం ప్రేమ చూపడమే. గాయం చేసినవి పెరిగిన గోళ్లు. వృద్ధుల చర్మం పలుచన. మధుమేహం ఉన్నవారికి చిన్న గాయమైనా ఆలస్యంగా మానుతుంది. గోళ్లు తీయడం అందుకే ఇంటిల్లిపాది ఆరోగ్యానికి సంబంధించిన విషయం.

అయితే ఆ కుక్క గోళ్లు తీయనివ్వదు. అంతకుముందు ఒకసారి నలుగురు పట్టుకొని బలవంతంగా తీశారు. అప్పటినుంచి కత్తెర కనబడితే మంచం కిందికి దూరేది. ఈ భయాన్ని అర్థం చేసుకోవడానికి శ్రీహరికోటలో ఉన్నవారికి మంచి ఉదాహరణ ఉంది. రాకెట్ లేచినప్పుడు ముందు వెలుగు కనిపిస్తుంది, కొన్ని క్షణాల తరువాత ఉరుము వంటి శబ్దం వస్తుంది. ఒకసారి చూసిన పిల్లవాడు రెండవసారి వెలుగు చూడగానే చెవులు మూసుకుంటాడు. వెలుగు వాడికేమీ హాని చేయలేదు. తరువాత రాబోయేదానికి అది సూచన అయింది. కుక్కకు కత్తెర కూడా అటువంటిదే. గంట తరువాత ఆహారం వస్తుందని నేర్చిన కుక్కకు గంట వినగానే లాలాజలం ఊరుతుందని రష్యా శాస్త్రవేత్త పావ్‌లోవ్ పరిశోధనల ద్వారా లోకానికి తెలిసింది. భయం కూడా ఈ విధంగానే నేర్చుకున్నది కనుక, దానిని ఇదే మార్గంలో తిరగరాయవచ్చు.

మొదటి కొన్ని రోజులు కత్తెర జోలికి పోవద్దు. భుజం తాకి, వెంటనే ఉడికించిన కోడిగుడ్డు ముక్క పెట్టండి. తరువాత మోకాలు, ఆపై పాదం, చివరికి ఒక్కొక్క వేలు. తాకడం ముందు, తినిపించడం తరువాత. ఈ వరుస మారకూడదు. ఆ తరువాత కత్తెరను చూపించి తినిపించండి, దాని చప్పుడు వినిపించి తినిపించండి. పెదవులు నాక్కోవడం, ఆవలించడం, కాలు వెనక్కి లాక్కోవడం, కంటి తెల్లగుడ్డు కనిపించడం భయానికి గుర్తులు. అవి కనిపిస్తే ఒక మెట్టు వెనక్కి వెళ్లండి. గుర్రుమంటే కొట్టవద్దు. అది కరవబోయే ముందు చేసే హెచ్చరిక. హెచ్చరించవద్దని నేర్పితే చెప్పకుండా కరుస్తుంది. రాకెట్ ప్రయోగం రోజున, దీపావళి నాడు ఈ పని పెట్టుకోవద్దు.

తీసే రోజున ఒక్క గోరు చాలు. గోటి లోపల రక్తనాళం, నరం ఉన్న జీవభాగం ఉంటుంది. తెల్లని గోటిలో అది గులాబీ రంగులో కనిపిస్తుంది; దానికి రెండు మిల్లీమీటర్ల ముందే ఆగండి. నల్లని గోరైతే కొంచెం కొంచెంగా తీస్తూ, తెగిన చోట మధ్యలో ముదురు చుక్క కనిపించగానే ఆపండి. కాలి లోపలివైపు పైన ఉండే గోరు నేలకు తగలదు. దానిని మరచిపోతే వంకర తిరిగి మాంసంలోకి దిగుతుంది. రక్తం వస్తే పటిక పొడిగాని మొక్కజొన్న పిండిగాని అద్ది, కొన్ని నిమిషాలు నొక్కి ఉంచండి. ఆగకపోయినా, కుక్క భయం తగ్గకపోయినా పశువైద్యుని వద్దకు వెళ్లండి. మనుషుల నిద్రమాత్రలు మాత్రం పెట్టవద్దు.

పెద్దావిడ ఇంట్లో మనవడు ఈ పద్ధతినే మూడు వారాలు ఓపికగా పాటించాడు. కుక్క ఆ ఇంట్లోనే ఉండిపోయింది.

చివరగా ఒక ముఖ్యమైన మాట. కుక్క గీరితే గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటితో 15 నిమిషాలు కడిగి, ఆ రోజే వైద్యుని కలవండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణలో రక్తం రాని గీతలు 2వ శ్రేణి. వాటికి రేబిస్ టీకా కావాలి. చర్మం చీలి రక్తం వస్తే 3వ శ్రేణి. టీకాతో పాటు ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా అవసరం. బొడ్డు చుట్టూ 14 సూదులు పొడిచే కాలం ఎప్పుడో పోయింది; ఇప్పటి టీకా చేతికే వేస్తారు. ఆ పాత భయంతో ఆలస్యం చేయకండి. రేబిస్ లక్షణాలు మొదలైతే ప్రాణం దక్కడం దాదాపు అసాధ్యం. సమయానికి వేయించుకున్న టీకా ఆ ప్రాణాన్ని కాపాడుతుంది.