చందా కాగితం

పదిహేనేళ్ళుగా కాలేజీ పిల్లలకు ఛందస్సు చెబుతున్నాను. ఛందస్సు కంటె చందా కష్టమని నాకు తెలిసివచ్చింది మాత్రం మా ఉపదేశి గారి మూలంగానే.

ఆయన నల్లగొండలో మా వీధి చివర వున్న కతోలికుల గుడిలో ఉపదేశి. నేను ఆ మతస్థుణ్ణి కాను. అయినా తెలుగు ఎం.ఏ. చదివినవాడు దగ్గరలో వుంటే ఎవరు వూరుకుంటారు చెప్పండి? శుభలేఖలూ, సన్మాన పత్రాలూ, సమాధి రాళ్ళమీది పద్యాలూ అన్నీ నా నెత్తికే చుట్టుకుంటాయి. ఆ వరసలోనే ఏటేటా అక్టోబరు మొదట్లో ఆయన ఒక కాగితం పట్టుకుని వస్తారు. "సారూ, జర తెలుగు దిద్దుండ్రి" అంటారు.

వాళ్ళ తెలుగు వేరొక రుచి. పీఠాధిపతి ఏలుబడిలోని ప్రాంతం "మేత్రాసనం". మలయాళ దేశం మీదుగా మనకు వచ్చిన మాట అది. ఒక గురువు గారి అజమాయిషీలోని వూళ్ళన్నీ కలిసి "విచారణ". మొదటిసారి ఉపదేశి గారు గుమ్మంలో నిలబడి, "విచారణ నుంచి వచ్చిన అమ్మా, సారున్నరా?" అన్నప్పుడు మా ఆవిడ గుండె గుభేలుమన్నది. ముందు నన్ను లోపలికి పిలిచి, ఏం చేసి వచ్చారో చెప్పమని నిలదీసి, ఆ తరువాతనే ఆయనకు మంచినీళ్ళిచ్చింది.

కాగితం సంగతి ఇది. అక్టోబరు చివరి ఆదివారానికి ముందు వచ్చే ఆదివారం నాడు లోకంలోని కతోలిక గుళ్ళన్నిటిలోనూ ఒక కానుక పడతారు. 1926లో పదకొండవ పయస్ పోపుగారు పెట్టిన ఏర్పాటు. ఆ రోజు పడిన పైసలు ఆ గుడికి చెందవు. పీఠాధిపతి ద్వారా రోముకు చేరి, లేమిలో వున్న వెయ్యికి పైబడిన మేత్రాసనాలకు పంపిణీ అవుతాయి. గుడ్ ఫ్రైడే నాడు ఒకటి, జూను చివర ఒకటి, ఇట్లా ఏడాదిలో ఇంకా కొన్ని కానుకలున్నాయి గాని, నా కలానికి పని పెట్టేది ఈ అక్టోబరుదే.

మన వైపు అక్టోబరు అంటే మీకు తెలియనిదేమున్నది? బతుకమ్మా దసరా దాటేసరికి ఇంట్లో చిల్లర వుండదు. వరి ఇంకా చేనులోనే వుంటుంది. పత్తి మొదటి ఏరుడు ఎరువుల దుకాణం బాకీకి పోతుంది. పాలమూరు పల్లెలనుంచి కొందరు ఇప్పటికీ ఆ రోజుల్లోనే పనికోసం పుణే, ముంబయి బస్సులెక్కుతారు. రోములో నిర్ణయించిన తేదీకి మన వానల సంగతి ఏం తెలుసును!

అందుకని చేతిలో డబ్బాడనివాళ్ళు వస్తువు తెస్తారు. ఒక సంవత్సరం నేనూ చూడబోయాను. పూజ అయినాక ఆవరణలో వేలం. కోడిపుంజులు, బెండకాయల గంప, మానికెడు కందులు. ఒక కూలి ఆమె తన పెరట్లో కాసిన గుమ్మడికాయ తెచ్చింది. బ్యాంకు గుమాస్తా ఒకాయన అంగడి ధరకు నాలుగింతలు పాడి, కాయను మళ్ళీ వేలంలోనే పెట్టమన్నాడు. మూడుసార్లు అమ్ముడుపోయింది ఆ గుమ్మడికాయ! వెల పెరిగినప్పుడల్లా ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

పోయిన ఏడు మాత్రం కాగితం దగ్గర చిక్కు వచ్చింది. గుడి కప్పు కారుతున్నది. "సారూ, 'కప్పు కొరకు' అని ఒక్క మాట కలుపుండ్రి, జనం ఎక్కువ ఇస్తరు" అన్నారు ఉపదేశి గారు. గురువు గారు ఒప్పుకోలేదు. 1983 నాటి శ్రీసభ చట్టం తెరిచి నాకు చూపించారు. ఒక పనికని ఇచ్చిన కానుకను ఆ పనికే వాడాలని 1267వ సూత్రం. ఇచ్చినవాళ్ళకు లెక్క చెప్పాలని 1287వది.

పక్కనే కూర్చున్న పెద్దమనిషి ఒకాయన ఊరుకోలేదు. "మన కప్పు కారబట్టె. గీ పైసలు రోముకెందుకు వోవాలె?" అన్నాడు.

న్యాయమైన ప్రశ్నే. 1976లో నల్లగొండ మేత్రాసనం ఏర్పడింది. మొదటి పీఠాధిపతి మాథ్యూ చెరియన్‌కున్నేల్ గారు మిలానులో పుట్టిన ప్రేషిత సంఘానికి చెందినవారు. ఆ సంబంధాల మూలాన ఇక్కడి బడీ, ఆసుపత్రీ అన్నీ విదేశీ సొమ్మేనని అనుకోవడం మనకు అలవాటు. విదేశీ సొమ్మంటే దొరల సొమ్మని కూడా అనుకుంటాం. అది సగం మాట. ఈ అక్టోబరు కానుకను నడిపే సంఘం 1822లో ఫ్రాన్సులోని లియోన్ పట్టణంలో పుట్టింది. దానికి మూలం పొలీన్ జారికో అనే పట్టు వ్యాపారి కూతురు. ఆమె ఆశ్రయించింది వ్యాపారులను కాదు, పట్టు కార్ఖానాల్లో కూలిచేసే ఆడవాళ్ళను. పదిమందికి ఒక జట్టు. మనిషికి వారానికి ఒక "సూ", అంటే ఒక చిన్న నాణెం. పది జట్లకు ఒక పెద్ద. అంతే ఏర్పాటు. చివరకు ఆమె అప్పులపాలై 1862లో కటిక పేదరాలుగా పోయింది. 2022లో శ్రీసభ ఆమెను ధన్యురాలని ప్రకటించింది.

ఇదంతా చెబితే పెద్దమనిషి కాసేపు మాట్లాడలేదు. ఆయనకు పోచంపల్లిలో చుట్టాలున్నారు. మగ్గం మీద కూర్చున్నవాడికి వారం కూలిలో ఒక్క రూపాయి తీయడం ఎట్లాంటిదో నేను చెప్పనక్కరలేదు. "అయితే గది పెద్దోళ్ళ పైస కాదన్నట్టు" అన్నాడు.

ఆ ఏడు కాగితంలో "మహాదాతలారా" అన్న సంబోధన కొట్టివేశాను. లియోన్ కూలివాళ్ళ సంగతి నాలుగు వాక్యాల్లో రాశాను. వెనకవైపు, వెనకటి ఏడు ఎంత వసూలైందో, ఎంత పంపారో అచ్చు వేయించమన్నాను. కప్పుకు వేరే కాగితం, వడ్లు అమ్ముడుపోయినాక జనవరిలో. ఉపదేశి గారికి ఇది ఏమాత్రం నచ్చలేదు. రెండుసార్లు అడిగితే రెండుచోట్లా సగమే వస్తుందని ఆయన భయం.

భయం పూర్తిగా ఉత్తది కాదు. అక్టోబరు వసూలు కొంచెం తగ్గింది. జనవరిలో మాత్రం ఆ పెద్దమనిషే రెండు బస్తాల వడ్లు పంపించాడు. పేరు చదవవద్దన్నాడు గాని, రేకులెన్ని, మేకులెన్ని, కూలి ఎంత, అంతా రాసి గోడకు అంటించాలన్నాడు. ఈసారి తొందరలో కాగితం నా దగ్గరకు రాకుండానే గోడెక్కింది. "మేకులు" అని వుండవలసిన చోట "మేకలు, 2 కిలోలు" అని వున్నది. నేను కలం తీశాను. పెద్దమనిషి నా చెయ్యి పట్టుకుని, లెక్క కాగితం మీద దిద్దుడు కనబడితే జనం ఏమనుకుంటారని ఆపేశాడు. ఆ మేకలు ఇప్పటికీ ఆ గోడమీదనే వున్నాయి.