యాడి వేళ్లు

హాస్టల్ సెలవులకు వచ్చినప్పుడల్లా మేం యాడి వెంట శ్రీనగర్ కాలనీ ఇళ్లకు పోయేవాళ్లం. దేవరకొండ దగ్గరి తండా వదిలాక ఆమె చేతులు ఎప్పుడూ నీళ్లలోనే. నాలుగిళ్ల అంట్లు, బట్టలు. గోళ్ల మొదళ్లు ఎర్రగా ఉబ్బేవి, వేళ్ల సందులు తెల్లగా నానిపోయేవి. రాత్రిపూట నిమ్మకాయకు బొక్క పెట్టి వేలికి తొడుక్కునేది. గోరుచుట్టుకు తండాలోనైనా పట్నంలోనైనా మాకు తెలిసిన వైద్యం అదే.

ఒకింటావిడ ఆ వేళ్లు చూసి, అంటుకుంటుందని పని మాన్పించింది. ఆ గిన్నెలు తోమితేనే వచ్చిందని చెప్పడానికి మాకు నోరు రాలేదు.

ముట్టుకుంటే అంటుకునేది కాదని ఆస్పత్రిలో డాక్టరమ్మ చెప్పింది. గోరు మొదట చర్మాన్ని పట్టుకుని ఒక పలుచని పొర ఉంటుందట. సబ్బునీళ్లలో నాని నాని అది ఊడిపోతే, ఆ సందులో తేమ చేరి వాపు నిలిచిపోతుంది, బూజు క్రిములూ చేరతాయి. చేయి పొడిగా ఉంచకపోతే ఏ మందు రాసినా తగ్గదు. చీము పట్టి సలిపితే మాత్రం సూదితో పొడుచుకోకుండా ఆస్పత్రికి పోవాలి. బడిలో మాకు చేతులు కడుక్కోవడం నేర్పారు, వేళ్ల సందులు తుడుచుకోవడం ఎవరూ చెప్పలేదు.

యాడి ఇప్పుడు నూలు తొడుగు మీద రబ్బరు తొడుగు వేసుకుంటోంది. వంకరపోయిన గోరు పోయి కొత్తది నిండుగా రావడానికి 6 నెలలు పట్టింది. తొడుగుల డబ్బులు మాత్రం ఏ ఇంటివాళ్లూ ఇవ్వలేదు.