చెనక్కాయ పాలు

"పాలొద్దంటివి, పెరుగొద్దంటివి, నెయ్యొద్దంటివి. ఇంగ ఈ ఇంట్లో నేనెందుకు?" అంది అమ్మ.

పొయ్యి మీద పాలు పొంగుకొస్తున్నాయి. ఆమె చేతిలో మసిగుడ్డ. నేను తాడిపత్రిలో మా వంటింటి నాపబండల మీద గోడకానుకుని కూర్చుని, బాదంపాలను పెరుగుగా ఎలా తోడుపెట్టాలో చదువుతున్నాను. అమ్మ మాటకు నా దగ్గర జవాబు లేదు. ఆ ఇంట్లో ఆమెకున్న పెత్తనమంతా ఆ పాలగిన్నెలోనే ఉందని నాకు తెలుసు.

మాది మెట్టచేను. నాన్న చెనక్కాయ వేసేవాడు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లా మాది. అదైనా పడాల్సినప్పుడు పడదు. మంచి పంట చేతికొచ్చిన ఏళ్ళను మా ఇంట్లో వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. మిగిలిన ఏళ్ళు ఇల్లు నడిపింది అమ్మ ఎనుములే. బడికి పోయేముందు నేను క్యాను పట్టుకుని నాలుగిళ్ళకూ ఒక టీ అంగడికీ పాలు పోసి వచ్చేదాన్ని. హైదరాబాదులో నా ఎం.ఏ. హాస్టలు ఫీజు, తర్వాత ఫెలోషిప్ డబ్బు ఆలస్యమైన నెలలు, అన్నీ ఆ పాలతోనే గడిచాయి. సిద్ధాంతవ్యాసం కృతజ్ఞతల పేజీలో గ్రంథాలయాల పేర్లన్నీ వరసగా రాశాను. ఎనుముల సంగతి రాయాలని తోచలేదు.

అలాంటి దాన్ని పాలు ఎందుకు మానేశానంటే, నా బిడ్డకు పాలిచ్చిన ఏడాది ఒక పాత సంగతి గుర్తుకొచ్చి వదల్లేదు. నాకు ఎనిమిదేళ్ళప్పుడు మా ఎనుముకు మగదూడ పుట్టింది. మగదూడకు పాలు వదిలితే నష్టమని ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. పది పన్నెండు రోజుల్లో అది పోయింది. దాని తోలులో గడ్డి కుక్కి, నాలుగు కట్టెలు గుచ్చి, తల్లి ముందు నిలబెట్టారు. ఎనుము దాన్ని నాకుతూ పాలు చేపింది. పరిశోధన పని మీద రోజంతా బయట తిరిగి, రొమ్ములు గట్టిపడి నొప్పి పుడుతుంటే ఇంటికి పరిగెత్తిన సాయంత్రాల్లో నాకు ఆ గడ్డిదూడే కనబడేది. 1990లో కరోల్ ఆడమ్స్ రాసిన 'ది సెక్సువల్ పాలిటిక్స్ ఆఫ్ మీట్' నేను ఎం.ఫిల్.లోనే చదివాను. పాలూ గుడ్లూ ఆడజంతువుల పునరుత్పత్తి శక్తిని పిండుకోవడమేనన్న ఆమె వాదన అప్పుడు పరీక్షలో రాయడానికి పనికొచ్చింది. ఒంటికి తెలియడానికి పన్నెండేళ్ళు పట్టింది.

మానేయడం ఒక్క రోజు పని. వండుకోవడమే చేతకాలేదు. వంటింటిని చెరగా చూపిన స్త్రీవాద సాహిత్యం మీద పనిచేసినదాన్ని నేను. విమల 'వంటిల్లు', పి. సత్యవతి 'ఇల్లలకగానే' ఎన్ని తరగతుల్లో పాఠం చెప్పానో. వంట రాకపోవడాన్ని లోలోపల ఒక రాజకీయ ప్రకటనగా మోస్తూ వచ్చాను. ఇప్పుడు ముప్ఫై ఏడేళ్ళకు పుస్తకాలు ముందేసుకుని వంట నేర్చుకోవాల్సి వచ్చింది. ఆ పుస్తకాల్లోని బాదం, జీడిపప్పు, టోఫు, ఆలివ్ నూనెల్లో సగం తాడిపత్రి బజారులో దొరకవు. దొరికిన సగం కొంటే నెల తిరక్కుండా జీతం అయిపోతుంది. జీడిపప్పు నానబెట్టి రుబ్బి పనీరులాంటిది చేశాను. మా ఆయన హైదరాబాదు నుంచి శనివారం వచ్చి, తిని, "గోడకు కొట్టే లప్పంలాగా ఉంది" అన్నాడు. నిజమే. ఆ పుస్తకాల్లో ఇంకొకటి గమనించాను. 'రాత్రంతా నానబెట్టిన', 'సన్నగా వడకట్టిన' అని రాస్తారు. ఎవరు నానబెట్టారు, ఎవరు వడకట్టారు? అవి వాటంతటవే జరిగిపోయినట్టుంటుంది.

అప్పుడు జేజి దగ్గరికి వెళ్ళాను. వెళ్ళడమేముంది, పక్కగదే. జేజికి ఎనభై దాటాయి. ఇంగ్లండులో డోనాల్డ్ వాట్సన్, ఆయన మిత్రులు 'వీగన్' అనే మాటను పుట్టించింది 1944లో. మా జేజి పుట్టింది కూడా ఆ ఏడాదికి కాస్త అటూ ఇటూగానే. చిన్నప్పుడు ఏం తినేవాళ్ళు జేజీ అని అడిగితే చెప్పుకుంటూ పోయింది. రాగి సంకటి, జొన్నరొట్టె, కొర్రన్నం, ఉలవల చారు, చెనక్కాయల ఊరిబిండి, చేలో దొరికిన ఆకుకూరల పప్పు, అనపగింజల పులుసు. నేను గబగబా రాసుకున్నాను. ఒక్కదాంట్లోనూ పాలచుక్క లేదు. మాంసం ఊరి జాతరకో, పెద్దల పండక్కో.

సంకటి నేను అంతకుముందు రెండుసార్లు చెడగొట్టాను. పిండి నీళ్ళల్లో కలిపి పోస్తే గంజి అయింది, పొడిపిండి చల్లితే ఉండలు కట్టింది. జేజి స్టూలు మీద కూర్చుని చేయించింది. నూకలు మెత్తగా ఉడికి ఎసరు ఇంకా మిగిలుండగా రాగిపిండి మధ్యలో కుప్పగా పోయాలి. కలపకూడదు. తెడ్డు కాడతో కుప్ప నడుమ బొక్క చేస్తే ఉడుకునీళ్ళు అందులోంచి పైకి తంతాయి. సన్నమంట మీద మూతపెట్టి పది నిమిషాలు వదిలితే పిండి ఆవిరికి మగ్గుతుంది. దించాక, గిన్నెను కాళ్ళతో అదిమిపట్టి, తెడ్డుతో ఒకవైపు నుంచి మెదుపుతూ రావాలి. నా భుజాలు రెండు రోజులు నొప్పెట్టాయి. ఊరిబిండికి విత్తనాలు సన్నమంట మీద, పైపొట్టు అక్కడక్కడా నల్లబడేదాకా వేయించాలట. ఎండుమిరపకాయలు, చింతపండు, ఉప్పు, తెల్లగడ్డ ముందు నూరి, విత్తనాలు తర్వాత వేసి, ఎర్రగడ్డ చివరన కచ్చాపచ్చాగా దంచాలి. నేను అన్నీ ఒకేసారి మిక్సీలో వేసేదాన్ని. విత్తనాలు నూనె వదిలి ముద్దయ్యేవి. తేడా అంతా అక్కడే ఉంది. ఎర్రగడ్డ పళ్ళకింద పడుతున్న ఆ బిండితో వేడిసంకటి తిన్నరోజు, ఏదో లేదన్న బాధ లేకుండా మొదటిసారి కడుపునిండా తిన్నాను.

ఆ ఉత్సాహంలో, "జేజీ, నువ్వు పుట్టినప్పట్నుంచీ వీగనువే" అని, అదేమిటో వివరించాను. జేజి నా మొహం కాసేపు చూసింది.

"పాలు ఇంట్లో లేక కాదు పాపా. ఉండె. మాకు తాగే రాత లేకపాయ. అమ్మితే ఉప్పూ చింతపండూ వచ్చె. మొగోళ్ళకు రోంత పెరుగు ఏసి, మేము గిన్నె కడిగిన నీళ్ళు పోసుకుంటిమి. నువ్వు కడుపు నిండి వద్దంటాండావు. మేము లేక తింటిమి. రెండూ ఒకటెట్లయితాయి?"

రాసుకుంటున్న నోటుపుస్తకం మూసేశాను. పాలు లేని ఆ వంటలన్నిటిలోంచీ పాలు ఎటు పోయాయో నేను అడగలేదు. ఇంట్లో ఎవరి పళ్ళెంలోంచి ఏది తగ్గుతుందో పట్టి చూడ్డమే నా చదువు. సొంత జేజి పళ్ళెం దగ్గర ఆ చదువు గుర్తుకు రాలేదు.

కొర్రల సంగతీ అంతే. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించినప్పుడు అందరం మురిసిపోయాం. ఇప్పుడు కొర్రలు రంగుల ప్యాకెట్లలో, బియ్యంకన్నా ఎక్కువ ధరకు వస్తున్నాయి. నేనూ కొని, నాలుగు గంటలు నానబెట్టి, ఒకటికి రెండున్నర నీళ్ళు పోసి పొడిపొడిగా వండటం నేర్చుకున్నాను. జేజి తింది, బాగుందంది, ఆ తర్వాత తన అరచెయ్యి చూపింది. కొర్రపొట్టు ఒక దంపుడుకు ఊడదు. దంచి, చెరిగి, మళ్ళీ దంచాలి. కోడికూతకు ముందు మొదలుపెడితే పొద్దెక్కాక గింజ పొయ్యెక్కేది. ఆ తర్వాత కూలికి పోవాలి. 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం తెచ్చినప్పుడు రాయలసీమ పళ్ళెంలోంచి కొర్రా సజ్జా జారిపోయాయని, నేలకూ ఒంటికీ నష్టం జరిగిందని మనం రాస్తాం. అది తప్పని నేననడం లేదు. అయితే ఆ బియ్యం రాకతో రోకలి దించిన చేతులు ఎవరివి? జేజి మాత్రం ఆ బియ్యం గురించి ఇప్పటికీ చుట్టం గురించి చెప్పినట్టు చెబుతుంది.

ఇంకో మాట కూడా చెప్పాలి. 2012 ఏప్రిల్ 15న ఉస్మానియాలో బీఫ్ ఫెస్టివల్ జరిగి గొడవలైనప్పుడు నేను హైదరాబాదులోనే విద్యార్థిని. ఆనాడు పక్కన నిలబడ్డ దళిత స్నేహితురాలికి, నేను పాలూ మాంసమూ మానేశానని ఈమధ్య ఫోనులో చెబితే చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నీ పళ్ళెంలోంచి తీసేసుకో. నా పళ్ళెం వైపు చూడకు" అంది. ఈ దేశంలో మాంసం మానడానికి కులం ఎప్పుడో ఒక మెట్టు కట్టిపెట్టింది. నేను ఎక్కకూడదనుకున్నా ఆ మెట్టు నా కాలికింద ఉంటుంది. 2009లో పుణె విశ్వవిద్యాలయ స్త్రీ అధ్యయన కేంద్రంలో షర్మిలా రేగే విద్యార్థులతో కలిసి దళితుల తిండి జ్ఞాపకాల మీద తెచ్చిన పుస్తకాన్ని నేను మళ్ళీ తీసి చదివాను. అందులోనూ వంటల పద్ధతులున్నాయి. వాటి పక్కనే ఆకలీ అవమానమూ ఉన్నాయి. అలా రాయగలిగితేనే వంట గురించి రాయాలనిపించింది. నెయ్యి ముట్టననే నా వ్రతానికి 'శుద్ధం', 'సాత్వికం' అనే మాటలు అంటకుండా చూసుకోవడం ఊరిబిండి నూరడంకన్నా కష్టంగా ఉంది.

ఒళ్ళు కూడా ఒక పాఠం చెప్పింది. ఏడాది దాటాక అరికాళ్ళలో తిమ్మిర్లు, ఎప్పుడూ అలసట. రక్తపరీక్షలో బి12 బాగా తగ్గింది. రాగుల్లో కాల్షియం పాలకన్నా దాదాపు మూడింతలని, చెనక్కాయలో పావువంతు మాంసకృత్తులేనని అందరికీ చెబుతూ తిరిగాను కానీ, ఏ ఆకులోనూ ఏ గింజలోనూ బి12 లేదన్న సంగతిని తేలిగ్గా తీసుకున్నాను. ఇప్పుడు మాత్ర వేసుకుంటున్నాను. జేజి తరం ఆడవాళ్ళ కాళ్ళ తిమ్మిర్లను ఎవరు పరీక్షించారు? వయసు మీదపడిందనో, గాలి సోకిందనో అనుకుని ఉంటారు.

సంకటీ బిండీ వచ్చాయి, పెరుగే మిగిలింది. ఎండాకాలం తాడిపత్రిలో మజ్జిగ లేకుండా అన్నం ముగించడం నావల్ల కావడం లేదు. బాదం మాట మరిచిపోయి చెనక్కాయ విత్తనాలతో మొదలుపెట్టాను. మా చేను పంట, మా అమ్మా నేనూ వేళ్ళు బొబ్బలెక్కేలా వొలిచిన కాయలు. రాత్రి నానబెట్టి, ఎర్రపొట్టు తీసేసి (పొట్టు మిగిలితే వగరు), ఒక గ్లాసు విత్తనాలకు మూడు గ్లాసుల నీళ్ళతో రుబ్బి గుడ్డలో పిండాలి. మొదటిసారి కాచకుండా వదిలేశాను, పచ్చివాసన. రెండోసారి కదపకుండా కాచాను, అడుగంటింది. మూడోసారి పావుగంట కలుపుతూనే కాచాను. పాలు చిక్కగా, వాసన లేకుండా వచ్చాయి. పొట్టు తీసే పని శనివారాలు మా ఆయనకు అప్పగించాను. ఆయనకది నచ్చిందని చెప్పలేను. పిండగా మిగిలిన పిప్పిని ఎర్రగడ్డ, కారం కలిపి వడలు వేశాను.

తోడు దగ్గర ఆగిపోయాను. ఇంట్లో ఉన్న పెరుగు ఎనుముది. అమ్మ ఆ నెలంతా నాతో పొడిపొడిగానే మాట్లాడుతోంది. ఆ రాత్రి గోరువెచ్చని గిన్నె ముందు పెట్టుకుని నేను కూర్చుని ఉంటే, మంచినీళ్ళకు వచ్చి చూసింది.

"తోడు లేదా?"

"నీ పెరుగు ఏస్తే ఇంగ ఇదెందుకు మా."

కొంచెంసేపు నిలబడింది. బుట్టలోంచి పచ్చిమిరపకాయలు తీసి, తొడిమలు తుంచసాగింది. ఒకటి, రెండు, ఎనిమిది. "ఇంట్లో తోడు లేనప్పుడు మేమిట్లనే చేస్తాంటిమి. ఎనుపపాలు తోడుకున్నప్పుడు ఇవి తోడుకోకుండా యాడికిపోతాయి. తొలిసారి కారంగుంటాది. దాన్ని తినొద్దు, రెండోదానికి తోడు ఏసుకో." తొడిమలు గిన్నెలో వేసి, మూతపెట్టి, పాతచీర పేలిక చుట్టి, పొయ్యి పక్కన పెట్టింది. పాలగిన్నెలు పెట్టే చోటే.

రెండోరోజు తోడుకున్న పెరుగు ఎనుపపెరుగంత గట్టిగా లేదు. చెంచాతో తీస్తే గీత నిలిచింది. అమ్మ వేలితో తీసి నాకి, మొహం అదోలా పెట్టింది.

"చెనక్కాయ వాసన పోలేదు. ఆవాలు, ఇంగువ, ఎండుమిరపకాయ వేసి తాలింపు గట్టిగా పెట్టు. అల్లం కూడా దంచెయ్యి" అంది. గిన్నె నా ముందుకు జరిపి, క్యాను తీసుకుని ఎనుము దగ్గరికి వెళ్ళింది.