కారు షెడ్డు పద్దు

మా నాన్నగారి పద్దుపుస్తకములో 1968వ సంవత్సరపు పుటయందు, పెంకుల కప్పునకు కాదగిన వ్యయములో సగమునకే సిమెంటు రేకులతో కారు షెడ్డు పూర్తియైనదని వ్రాసి, దానిక్రింద ఎఱ్ఱసిరాతో గీత గీయబడియున్నది. 1946లోనే సనత్‌నగరున ఆస్బెస్టాసు సిమెంటు కర్మాగారము వెలసిన హైదరాబాదులో, తుప్పెఱుగక, చెదలెఱుగక నిలిచెడి ఆ రేకును మించిన పొదుపు మధ్యతరగతి గృహస్థునకు తోపకపోవుటలో వింత లేదు.

కారు పోయి ఇరువదియేండ్లైనను షెడ్డు మాత్రము చినిగిన పరుపులకును ఎలుకలకును ఆశ్రయమై మిగిలినది. ఆ స్థలమున అద్దెకొక గది వేయ సంకల్పించినప్పుడు పాతసామాన్ల వ్యాపారి వచ్చి, విప్పుకూలి తనదే యనియు, ఇనుపగొట్టములకును పగులని రేకులకును నాకే 6,000 రూపాయలు చెల్లింతుననియు పలికెను. పద్దుపుస్తకపు వాసన పట్టినవాడను గనుక లోలోపల మురిసితిని.

అడ్డుపడినవాడు ఇంజనీరగు మా మేనల్లుడు. “మామయ్యా, వాళ్ళను సుత్తి పట్టనీయకు” అనెను. రేకులో సుమారు పదవవంతు ఆస్బెస్టాసు నార ఉండుననియు, సిమెంటు దానిని పట్టియుంచినంతకాలము భయము స్వల్పమే కాని, పగిలినను, కోసినను కంటికానని సూక్ష్మతంతువులు లేచి ఊపిరితిత్తులలో నాటుకొని, ఇరువది ముప్పది యేండ్లకు గాని వ్యాధిగా బయటపడవనియు వివరించెను. ఆ నార ఉన్నదో లేదో చూపుతో నిర్ణయించుట అసాధ్యము, ప్రయోగశాలలో సూక్ష్మదర్శిని క్రింద పరీక్షింపవలసినదే. అయినను అంతటి పాతరేకునకు పరీక్షరుసుము దండుగ యని తలచి, ఉన్నదనియే నిశ్చయించుకొంటిమి.

అతడు పిలిపించిన గుత్తేదారు 41,000 రూపాయలు అడిగెను: రేకులను నీటితో తడిపి, పగులగొట్టక బోల్టులు విప్పి, నిండురేకుగా దించి, మందపు పాలిథీనులో రెండు పొరలు చుట్టి, దుండిగల్లులోని ప్రమాదకర వ్యర్థముల స్థలమునకు చేర్చుటకు. మూతికి చేతిగుడ్డ చాలదట, తగిన ముసుగులు కావలెనట. వచ్చెడి ఆరువేలును పోయెడి నలువదియొక్క వేలును కలిపి చూడగా వ్యత్యాసము 47,000. ఇంకను పునాది పడని గదికి అయిదారు నెలల అద్దె! సిగ్గువిడిచి చెప్పుచున్నాను, నెలదినములు నేను తటపటాయించితిని.

ఆస్బెస్టాసు కార్మికుల ఆరోగ్యవివరములను కొలువున చేరిన నాటినుండి 40 ఏండ్లు గాని, కొలువు మానిన పిదప 15 ఏండ్లు గాని, ఏది తరువాత వచ్చిన అంతవఱకు భద్రపఱుపవలెనని 1995లో సుప్రీంకోర్టు ఆదేశించినదని చదివిన రాత్రి నాకు లెక్క తేలినది. మా పెరటిలో ఒక్కపూట సుత్తి వేసి పోవు కూలివాని పేర ఏ పద్దు ఎవరుంచెదరు? మఱునాడు గుత్తేదారునకు బయానా ఇచ్చితిని.

పని ముగిసిన సాయంకాలము, ఎనిమిదేండ్లక్రితము మిగులు రేకులు రెండింటిని వాచ్‌మనుకు అతని గదికై దానమిచ్చిన సంగతి స్ఫురించెను. మార్పించెదనని చెప్పగా అతడు నవ్వి, “ఎందుకు సార్, మంచిగనే ఉన్నయి గద! పొడుగైతే నేనే రంపంతోటి కోసి సరిజేసుకున్న” అనెను.